ఎటు, ఎంత, ఎప్పటికి: రసాయన సమతాస్థితి, దిగుబడి



ఈ కళాశాలలో మాకు రసాయనశాస్త్రం చెప్పిన మాస్టారి పేరు హాలు గుమ్మం మీద ఉంది, ఆహ్వాన పత్రం మీదా ఉంది. నేను మాత్రం ఈ గంటసేపూ ఆయన్ని మాస్టారు అనే అంటాను. ఆయన ఎదుట ఏనాడూ పేరు పలకలేదు. ఇప్పుడు పలకాలన్నా నోరు రాదు.

ఇంటర్మీడియట్ రెండేళ్లూ ఆయన దగ్గర తెలుగు మాధ్యమంలో చదివాను. తరగతికి రాగానే నల్లబల్ల ఎడమ మూలన ఒకదాని కింద ఒకటి మూడు మాటలు రాసేవారు. ఎటు? ఎంత? ఎప్పటికి? ఏ రసాయన చర్య పాఠం చెప్పినా ఆ మూడు ప్రశ్నలకూ జవాబు దొరికేదాకా డస్టరు పట్టేవారు కాదు. చర్య ఎటు నడుస్తుంది, ఎంత దూరం నడుస్తుంది, ఎప్పటికి చేరుతుంది? ముప్ఫై ఏళ్లకు పైగా కర్మాగారాల్లో పనిచేశాను. చెడిపోయిన ప్రతి బ్యాచ్ వెనకా ఈ మూడింటిలో ఒకదాన్ని ఇంకొకటిగా పొరబడటమే కనిపించింది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది కూడా దీని గురించే. సమతాస్థితి మనకు ఇచ్చేది ఒక హద్దు. దిగుబడి అనేది ఆ హద్దు దగ్గరికి చర్యను చేరనివ్వకుండా మనం సంపాదించుకునేది.

1

ముందు ఒక వస్తువు చూపిస్తాను. ఇది మూతి కరిగించి మూసిన గాజు గొట్టం. వెనక వరసలో వాళ్లకు కనిపిస్తోందా? లోపల లేత ఇటుక రంగులో పొగలాంటిది ఉంది. రాగి ముక్కల మీద గాఢ నత్రికామ్లం పోసి, వచ్చిన నైట్రోజన్ డైఆక్సైడ్‌ను మాస్టారు తన చేత్తోనే ఇందులో పట్టి మూశారు. అప్పట్లో ఇలాంటివి రెండు ఉండేవి. ఒకటి క్యాంటీన్ నుంచి తెప్పించిన వేడినీళ్ల చెంబులో ముంచేవారు. రెండోది సోడాకొట్టు నుంచి తెచ్చిన ఐసుముక్కల్లో పెట్టేవారు. రెండు నిమిషాల్లో వేడినీళ్లలోది ముదురు గోధుమ రంగుకు తిరిగేది, ఐసులోది దాదాపు తెల్లబడిపోయేది. తరవాత వాటి చోట్లు మార్చేవారు. రంగులూ మారేవి.

లోపల జరుగుతున్నది ఇదీ. గోధుమ రంగు అణువులు రెండేసి జతకడితే రంగులేని డైనైట్రోజన్ టెట్రాక్సైడ్ అవుతుంది. ఆ జతలు విడిపోతే మళ్లీ గోధుమ రంగు. జతకట్టేటప్పుడు వేడి బయటికి వస్తుంది, విడిపోయేటప్పుడు వేడి తీసుకుంటుంది. గొట్టం మన కంటికి కదలకుండా ఉన్నట్టు కనిపించినా లోపల జతకట్టడం, విడిపోవడం రెండూ ఒకే వేగంతో సాగుతూనే ఉంటాయి. దీన్నే గతిక సమతాస్థితి అంటున్నాం.

1884లో ఫ్రాన్స్ దేశపు ఆన్రీ లీ షాట్లియర్ దీని మీద ఒక నియమం చెప్పాడు. సమతాస్థితిలో ఉన్న వ్యవస్థ మీద ఏదైనా మార్పు తెస్తే, ఆ మార్పు ప్రభావాన్ని తగ్గించే దిశగా అది జరుగుతుందని దాని సారం. వేడి చేస్తే వేడిని పీల్చుకునే వైపు జరుగుతుంది. పీడనం పెంచితే వాయు అణువులు తక్కువయ్యే వైపు జరుగుతుంది. ఒక పదార్థాన్ని అదనంగా పోస్తే దాన్ని ఖర్చుచేసే వైపు జరుగుతుంది. ఇక్కడ ఇప్పుడు రసాయనశాస్త్రం చదువుతున్న పిల్లలంతా దీన్ని బట్టీపట్టి వచ్చారని తెలుసు, అందుకే ఇక్కడ ఎక్కువ ఆగను.

ఒక్క హెచ్చరిక మాత్రం చెప్పి దాటతాను. పుస్తకాల్లో "వ్యవస్థ మార్పును ఎదిరిస్తుంది" అని రాస్తారు. ఆ మాట వినగానే వ్యవస్థ మార్పును పూర్తిగా రద్దు చేస్తుందని పిల్లలు అనుకుంటారు. ఈ వాయువునే పిస్టన్ ఉన్న గొట్టంలో పెట్టి నొక్కితే, మొదట రంగు చటుక్కున చిక్కబడుతుంది, తరవాత కొంచెం పలచబడుతుంది. కానీ నొక్కకముందు ఉన్నంత పలచగా మాత్రం కాదు. తగ్గింపు కొంతే. ఆ కొంత ఎంత అన్నది లీ షాట్లియర్ నియమం చెప్పదు. అది "ఎటు" అన్నదానికే జవాబు. "ఎంత" అన్నదానికి ఇంకొకరి దగ్గరికి వెళ్లాలి.

2

చర్య వెనక్కి కూడా నడవగలదన్న ఆలోచనకు చరిత్రలో ఒక అందమైన చోటు ఉంది. నెపోలియన్ 1798లో ఈజిప్టు మీదికి వెళ్లినప్పుడు వెంట క్లోడ్ లూయీ బెర్తొలే అనే రసాయనవేత్త కూడా వెళ్లాడు. అక్కడి నేట్రన్ సరస్సుల ఒడ్డున, మన చవిటి నేలల మీద తేలే తెల్లటి పూతలాగా, బట్టల సోడా పేరుకుని ఉండటం చూశాడు. ప్రయోగశాలలో సోడాకు కాల్షియం క్లోరైడ్ కలిపితే సున్నపురాయి, ఉప్పు వస్తాయి. ఇక్కడ ఉప్పు, సున్నపురాయి కలిసి సోడాను ఇస్తున్నాయి. ఉప్పు కుప్పలుగా ఉండటం, పుట్టిన సోడా ఎప్పటికప్పుడు ఒడ్డుకు తేలిపోవడం వల్లే చర్య తిరగబడిందని ఆయన ఊహించాడు. ఎంత పదార్థం ఉందన్నది కూడా చర్య దిశను నిర్ణయిస్తుందని అలా తెలిసింది. దాన్ని లెక్కలోకి దింపినవాళ్లు నార్వేకు చెందిన గుల్డ్‌బర్గ్, వాగే. 1864లో వాళ్లు చెప్పిన ద్రవ్యరాశి క్రియా నియమం నుంచే మనం ఇవాళ రాసే సమతాస్థితి స్థిరాంకం వచ్చింది.

ఆ స్థిరాంకం ఎంత కఠినమైనదో నాకు పుస్తకంలో అర్థం కాలేదు. మొదటి ఉద్యోగంలో అర్థమైంది. హైదరాబాదు శివార్లలో ఒక మందుల కర్మాగారం. అక్కడ ఒక ఆమ్లాన్నీ ఒక ఆల్కహాల్‌నూ మరిగించి ఎస్టరు చేయాలి. దిగుబడి 65 శాతం దగ్గర ఆగిపోతోంది. రాత్రి షిఫ్టు నాది. ఉత్ప్రేరకంగా వేసే ఆమ్లాన్ని రెట్టింపు చేశాను. ఆరు గంటలు మరిగించాల్సింది పన్నెండు గంటలు మరిగించాను. పొద్దున శాంపిలు తీస్తే అదే 65, పైగా సరుకు నల్లబడింది. ఆ బ్యాచ్ పాడు చేసింది నేనే. "ఎంత" అన్న చిక్కుకు "ఎప్పటికి" మందు వేశాను. ఉత్ప్రేరకం పోయే వేగాన్నీ, వచ్చే వేగాన్నీ సమానంగా పెంచుతుంది. గమ్యానికి త్వరగా చేరుస్తుందే తప్ప గమ్యాన్ని మార్చదు. నేను మాస్టారి దగ్గర పరీక్షల్లో చక్కగా రాసి మార్కులు తెచ్చుకున్న జవాబే అది. రియాక్టరు ముందు నిలబడితే గుర్తుకు రాలేదు.

లెక్క చూడండి, పిల్లలు కాగితం తీయవచ్చు. ఎసిటిక్ ఆమ్లం, ఇథైల్ ఆల్కహాల్ కలిసి ఎస్టరు, నీరు ఇచ్చే చర్యకు స్థిరాంకం సుమారు 4. రెండూ సమాన మోల్‌లు పోస్తే మూడింట రెండు వంతులే, అంటే 67 శాతమే ఎస్టరు అవుతుంది. ఆల్కహాల్ రెట్టింపు పోస్తే ఆమ్లంలో 85 శాతం మారుతుంది. మూడు రెట్లు పోస్తే 90. పది రెట్లు పోస్తే 97. ఈ అంకెల నడక గమనించారా? మొదటి రెట్టింపుకు 18 పాళ్లు లాభం. మూడు రెట్ల మీద ఇంకో ఏడు రెట్లు అదనంగా పోసినా దక్కేది 7 పాళ్లే. ఆ ఆల్కహాల్‌ను తరవాత వేరుచేయడానికి ఆవిరి ఖర్చు, పీపాల ఖర్చు, కాలం ఖర్చు. నియమం ప్రకారం దిశ సరైనదే, గిట్టుబాటు మాత్రం కాదు.

ఎస్టరు చర్యను ఇంకో వైపు నుంచి పట్టుకోవచ్చు. నీటిని తీసేయాలి. ఇందుకు డీన్, స్టార్క్ అనే ఇద్దరు 1920లో చెప్పిన ఒక చిన్న పక్కగొట్టం ఉంది. చర్య మిశ్రమంలో టోలీన్ కలిపి మరిగిస్తారు. టోలీన్ ఆవిరి నీటి ఆవిరిని వెంటబెట్టుకుని పైకి వెళ్లి, కండెన్సరులో చల్లబడి, గీతలున్న ఆ గొట్టంలోకి బొట్లుబొట్లుగా పడుతుంది. నీరు అడుగుకు దిగుతుంది. టోలీన్ పైన తేలి, నిండాక పొర్లి మళ్లీ పాత్రలోకే పోతుంది. గొట్టం ముందు కూర్చున్నవాడికి నీటి మట్టం గీత తరవాత గీత ఎక్కుతూ కనిపిస్తుంది. 18 గ్రాముల నీరు దిగితే ఒక మోల్ ఎస్టరు పుట్టినట్టు. బొట్టు పడటం ఆగితే పని అయిపోయినట్టు. మా సీనియర్ ఒకాయన నా బ్యాచ్ పాడైన మర్నాడు ప్రయోగశాలలో నాకు ఇది పెట్టి చూపించారు. ఆ సాయంత్రానికి గొట్టంలో చేరిన నీళ్లు లెక్కకు దాదాపు సరిపోయాయి. స్థిరాంకం మారలేదు, అది ఎప్పటిలాగే ఉంది. కానీ నీరు ఎప్పటికప్పుడు వెళ్లిపోతుంటే చర్యకు ఆగే చోటు దొరకలేదు.

3

పుట్టినదాన్ని ఎప్పటికప్పుడు తీసేయడమన్నది డీన్ కనిపెట్టక ముందు, స్టార్క్ కనిపెట్టక ముందు, స్థిరాంకం అనే మాట పుట్టక ముందు నుంచీ మనవాళ్ల చేతుల్లో ఉన్న విద్య. పల్నాడులో పిడుగురాళ్ల వైపు వెళ్లినవాళ్లు సున్నపు బట్టీలు చూసే ఉంటారు. సున్నపురాయి, బొగ్గు వరసలు వరసలుగా పైనుంచి వేస్తారు, కాలిన సున్నం కింది నుంచి తీస్తారు. వంద కిలోల శుద్ధమైన రాయి పూర్తిగా కాలితే 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది. 44 కిలోలు కార్బన్ డైఆక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది.

ఇదే రాయిని గట్టిగా మూసిన పాత్రలో పెట్టి 800 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేద్దాం. కొంత వాయువు పుడుతుంది. దాని పీడనం వాతావరణ పీడనంలో అయిదో వంతుకు కాస్త పైకి చేరగానే చర్య నిలిచిపోతుంది. పుట్టినంత వాయువు తిరిగి సున్నంలోకి పోతూ ఉంటుంది. రోజులు కాల్చినా అంతే. అదే వేడి దగ్గర పాత్ర తెరిచి గాలి ఆడనిస్తే వాయువు పోతూనే ఉంటుంది, రాయి సున్నమవుతూనే ఉంటుంది. సుమారు 900 డిగ్రీల దగ్గర ఆ వాయువు పీడనం వాతావరణ పీడనంతో సమానమవుతుంది. అప్పుడు దాన్ని ఊడ్చుకుపోయే గాలి లేకపోయినా అది తనంతట తానే తోసుకుని బయటపడుతుంది. బట్టీ నోరు తెరిచి ఉండటం, కింది నుంచి గాలి లాగడం నిప్పు మండటానికే అని మనం అనుకుంటాం. అందుకూ అవసరమే. కానీ పుట్టిన వాయువును మోసుకుపోవడం కూడా ఆ గాలి పనే. గాలి ఆడని చోట రాయి పొట్టలో పచ్చిగా మిగిలిపోతుంది.

కథ బట్టీ దగ్గర అయిపోలేదు. ఆ సున్నాన్ని నీళ్లలో వేస్తే కుతకుతలాడి విచ్చుకుంటుంది. దాంతో గోడకు వెల్ల వేస్తాం. వేసిన రోజు చేత్తో రాస్తే అంటుకుంటుంది. రెండు మూడు రోజులు గడిచాక గోడ గట్టిపడి మెరుస్తుంది. బట్టీలో పోగొట్టుకున్న కార్బన్ డైఆక్సైడ్‌ను సున్నం మన వసారాలో గాలి నుంచి మళ్లీ తెచ్చుకుంటోంది. అక్కడి వేడిలో విడిపోయింది, ఇక్కడి చల్లదనంలో కలిసింది. మాస్టారు సంక్రాంతి సెలవుల ముందు ఈ పాఠం చెప్పి, ఇంటికి వెళ్లి వెల్ల వేసిన గోడను రోజూ వేలితో రాసి చూసి రమ్మనేవారు. నేను చూశాను. మూడో రోజు వేలికి ఏమీ అంటలేదు.

4

ఇప్పుడు అసలు కథకు వస్తాను. అమోనియా.

ఒక పాలు నైట్రోజన్, మూడు పాళ్లు హైడ్రోజన్ కలిస్తే రెండు పాళ్లు అమోనియా. నాలుగు రెండవుతున్నాయి కాబట్టి పీడనం పెంచితే లాభం. రెండు మోల్‌ల అమోనియాకు సుమారు 92 కిలోజౌళ్ల వేడి బయటికి వస్తుంది కాబట్టి ఉష్ణోగ్రత తగ్గిస్తే లాభం. పరీక్షలో ఇంతవరకు రాస్తే పూర్తి మార్కులు. అంకెలు చూద్దాం. 400 డిగ్రీల దగ్గర ఒక అట్మాస్ఫియర్ పీడనంలో సమతాస్థితిలో ఉండే అమోనియా నూటికి అర పాలు కూడా ఉండదు. అదే వేడి దగ్గర 100 అట్మాస్ఫియర్లకు పెంచితే దాదాపు 25 పాళ్లు. 100 అట్మాస్ఫియర్ల దగ్గరే వేడిని 500కు పెంచితే 10 పాళ్లకు పడిపోతుంది. 200కు దించితే 80 దాటుతుంది.

అయితే 200 డిగ్రీల దగ్గరే ఎందుకు నడపకూడదు? నైట్రోజన్ అణువులో రెండు పరమాణువులను కలిపి ఉంచేది త్రిబంధం. అంత తక్కువ వేడిలో అది విడవదు. 80 పాళ్లు రావాల్సిందే, కానీ ఎప్పటికి వస్తుంది? "ఎంత" అన్న ప్రశ్న చల్లగా ఉంచమంటుంది, "ఎప్పటికి" అన్న ప్రశ్న వేడి చేయమంటుంది. ఈ రెండింటి మధ్యే పాతికేళ్లు పెద్దపెద్దవాళ్లు నలిగిపోయారు. నియమం చెప్పిన లీ షాట్లియరే 1901లో 200 అట్మాస్ఫియర్ల పీడనంలో, 600 డిగ్రీల వేడిలో ఇనుమును ఉత్ప్రేరకంగా పెట్టి ప్రయత్నించాడు. పరికరంలో గాలి మిగిలిపోవడంతో అది పేలింది, సహాయకుడు చావు తప్పించుకున్నాడు. ఆయన ఆ పని అక్కడితో వదిలేశాడు. చేతికి అందినదాన్ని జారవిడిచానని ముసలితనంలో బాధపడ్డాడు.

ఆ తరవాత జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్. 1904-05లో ఆయన సుమారు 1000 డిగ్రీల దగ్గర సాధారణ పీడనంలో చూసినప్పుడు దొరికిన అమోనియా పదివేల పాళ్లలో ఒక పాలు మాత్రమే. ఆ అంకె చూసినవాళ్లెవరైనా కాగితాలు మడిచి పెట్టేస్తారు. ఆయనా కొంతకాలం అలాగే పక్కన పెట్టాడు. మళ్లీ పట్టుకున్నప్పుడు రాబర్ట్ లె రోసిన్యోల్ అనే నేర్పరి సహాయకుడు ఎక్కువ పీడనాన్ని తట్టుకునే పరికరం కట్టాడు. కానీ నన్ను ఇన్నేళ్లుగా ఆకట్టుకున్నది పీడనం కాదు. హేబర్ 1908లో పేటెంటు తీసుకున్న చుట్టు. వాయువులు ఉత్ప్రేరకం మీదుగా వెళ్తాయి. కొద్దిగా అమోనియా పుడుతుంది. ఆ మిశ్రమాన్ని పీడనం తగ్గించకుండానే చల్లబరిస్తే అమోనియా ద్రవమై అడుగుకు దిగుతుంది. మిగిలిన నైట్రోజన్, హైడ్రోజన్ వాయువులుగానే ఉండి మళ్లీ ఉత్ప్రేరకం మీదికి వెళ్తాయి. నీటిని దించిన పక్కగొట్టం ఇక్కడా ఉంది, వాయువును వదిలిన బట్టీ నోరు ఇక్కడా ఉంది.

ఒక్కో చుట్టుకు 15 శాతం మారుతుందనుకోండి, కర్మాగారాల్లో ఇంచుమించు అంతే. చూస్తే చాలా తక్కువ. కానీ మిగిలిన 85ను మళ్లీ పంపితే, దాంట్లో మిగిలినదాన్ని మళ్లీ పంపితే, పదో చుట్టు అయ్యేసరికి మొదటి వందలో 80 పాళ్లు మారిపోతాయి. ఇరవయ్యో చుట్టుకు 96. ఒక్క గుక్కలో 80 కావాలని పట్టుబట్టకుండా, 15 చొప్పున ఓపికగా తీసుకోవడమే హేబర్ చేసిన పని.

1909 జులై 2న కార్ల్స్‌రూహేలో హేబర్ పరికరాన్ని చూడటానికి బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ నుంచి కార్ల్ బోష్, ఆల్విన్ మిటాష్ వచ్చారు. బిగిస్తుండగా పరికరం బోల్టు ఒకటి ఊడింది. బాగుచేయడానికి గంటలు పట్టింది. బోష్‌కు వేరే పని ఉండి వెళ్లిపోయాడు. మిటాష్ ఉండిపోయి, ద్రవ అమోనియా బొట్లు పడటం కళ్లారా చూశాడు. అప్పుడు వాడిన ఉత్ప్రేరకం ఆస్మియం, ప్రపంచంలో కొద్దిగా దొరికే లోహం. మిటాష్ బృందం వేలకొద్దీ పరీక్షలు చేసి, ఇనుములో కొద్దిగా అల్యూమినా, పొటాష్ లాంటివి కలిపిన ఉత్ప్రేరకాన్ని తేల్చింది. ఇవాళ్టికీ చాలా కర్మాగారాల్లో వాడేది ఆ వంశానిదే. బోష్‌కు ఇంకో గండం ఎదురైంది. ఎక్కువ పీడనంలో హైడ్రోజన్ ఉక్కులోని కార్బన్‌ను తినేసి గొట్టాలను పెళుసు చేసింది. దాదాపు 80 గంటలకే పగిలిపోయాయి. లోపల మెత్తటి ఇనుప పొర వేసి, పీడనం మోసే బయటి ఉక్కుకు సన్నటి రంధ్రాలు పెట్టాడు. లోపొర దాటి వచ్చిన హైడ్రోజన్ ఉక్కులో ఇరుక్కోకుండా ఆ రంధ్రాల్లోంచి పోయింది. 1913 సెప్టెంబరులో ఓపావులో కర్మాగారం మొదలైంది.

హేబర్ పేరెత్తాక ఒక మాట చెప్పకుండా దాటలేను. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్‌లో, బెల్జియంలోని ఈప్రె దగ్గర క్లోరిన్ వాయువును సైనికుల మీదికి వదిలించిన పనిని ముందుండి నడిపినవాడూ ఆయనే. అదే యుద్ధంలో అమోనియా పేలుడు పదార్థాలకూ వెళ్లింది. నేను ఆయన చేసిన చుట్టును మెచ్చుకుంటున్నాను, ఆ మనిషిని మొత్తంగా కాదు. మాస్టారు కూడా ఈ పాఠంలో ఇక్కడ కాసేపు ఆగేవారు.

ఇవాళ ప్రపంచంలో సుమారు సగం మంది తింటున్న తిండికి ఈ అమోనియా నుంచి వచ్చిన ఎరువే ఆధారమని లెక్కగట్టారు. మన దగ్గర కాకినాడలో 1992 నుంచి యూరియా తయారైంది. రామగుండంలో బొగ్గు ఆధారంగా 1980లో మొదలైన కర్మాగారం 1999లో మూతపడి, సహజవాయువు ఆధారంగా 2021లో మళ్లీ నడిచింది. యూరియా బస్తా విప్పి మడిలో చల్లే రైతు దిగుబడి అంటే వడ్లు. ఆ బస్తా వెనక ఉన్న అమోనియా కన్వర్టరు దగ్గర కూర్చున్న ఆపరేటరుకు దిగుబడి అంటే ఆ 15 శాతం. తెలుగులో ఇద్దరికీ ఒకటే మాట ఉండటం నాకు ఇష్టం.

5

ఇక చివరి మెట్టు, చిన్నది. చుట్టు తిప్పడం వల్ల ఒక కొత్త చిక్కు వస్తుంది. నైట్రోజన్‌ను గాలి నుంచి తీసుకుంటాం, గాలిలో నూటికి ఒక పాలు ఆర్గాన్ ఉంది. అది దేనితోనూ కలవదు. హైడ్రోజన్‌తో పాటు కొంచెం మీథేన్ వస్తుంది, అదీ ఇక్కడ కలవదు. అమోనియా దిగిపోతుంది, ఇవి దిగవు. చుట్టు చుట్టుకూ పేరుకుంటాయి. పీడనం మీటరు పాత అంకే చూపిస్తుంది, కానీ ఆ పీడనంలో నైట్రోజన్, హైడ్రోజన్‌ల వాటా తగ్గిపోతుంది, దాంతో అమోనియా తగ్గుతుంది. అందుకని కొంత వాయువును ఎప్పుడూ బయటికి వదులుతుంటారు, దాన్ని పర్జ్ అంటారు. వాల్వు మరీ తెరిస్తే ఖరీదైన హైడ్రోజన్ పోతుంది, మరీ మూస్తే ఆర్గాన్ పెరుగుతుంది. కంట్రోల్ రూములో ఆ వాల్వు శాతాన్ని చూస్తూ రాత్రులు గడిపేవాళ్లు ఉన్నారు. ఈ సభలోనూ ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు.

పిల్లలకు ఒక ప్రశ్న వదిలిపెడతాను. పీడనం మారకుండా ఉన్న అమోనియా మిశ్రమంలోకి ఇంకొంచెం నైట్రోజన్ పంపితే అమోనియా పెరుగుతుందా, తగ్గుతుందా? నియమాన్ని బట్టీపట్టినవాళ్లు పెరుగుతుందని వెంటనే అంటారు. కంగారు పడకండి. నైట్రోజన్ అప్పటికే సగానికి మించి ఉన్న మిశ్రమంలో ఏమవుతుందో స్థిరాంకం రాసుకుని లెక్కకట్టి చూడండి. జవాబు నేను చెప్పను. ఈ ప్రశ్నకు మాస్టారు కూడా మాకు జవాబు చెప్పలేదు. రెండు రోజులు పట్టింది నాకు.

ఈ గొట్టం మాస్టారు పదవీ విరమణ చేసిన రోజు నాకు ఇచ్చారు. ఇవాళ మీ రసాయనశాస్త్ర విభాగానికి తిరిగి ఇచ్చేస్తున్నాను. మూసిన మూతి చెక్కుచెదరలేదు, లోపలి వాయువు అప్పటిదే. బల్ల మీద ఒక చెంబులో వేడినీళ్లు, ఒక గిన్నెలో ఐసు పెట్టించాను. సభ ముగిశాక ముందు వరస పిల్లలు వచ్చి, ఒకరి తరవాత ఒకరు ముంచి చూడండి. గాజు పాతది, మెల్లగా పట్టుకోండి.